మరో యుద్ధం ముంగిట మాజీ సేనాని: స్మెడ్లీ బట్లర్ యుద్ధవ్యతిరేక వాదం - ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

యుద్ధాన్ని వ్యతిరేకించేవారి వాదాన్ని తోసిపుచ్చడానికి రెండు సమాధానాలు తరచుగా వినిపిస్తాయి. యుద్ధరంగం ఎరుగనివారికి వాస్తవం తెలియదన్నది మొదటిది. అహింస వారి మతవిశ్వాసమే తప్ప రాజనీతి కాదన్నది రెండవది. ముప్పై మూడేళ్లకు పైగా సైనికవృత్తిలో గడిపి, తన దేశపు అత్యున్నత శౌర్యపతకాన్ని రెండుసార్లు అందుకున్న సేనాని యుద్ధం వద్దన్నప్పుడు ఈ రెండు సమాధానాలూ నిలవవు. అమెరికా మెరైన్ దళానికి చెందిన మేజర్ జనరల్ స్మెడ్లీ బట్లర్ (1881-1940) అటువంటి సేనాని. మరో ప్రపంచయుద్ధం ముంచుకొస్తున్న 1930వ దశకంలో ఆయన చేసిన వాదాన్నీ, దాని బలాన్నీ, పరిమితులనూ పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. గడచిన యుద్ధాల అనుభవం రాబోయే యుద్ధాన్ని అంచనా వేయడానికి ఎంతవరకు ప్రమాణమవుతుందన్నది ఇందులోని ప్రధాన ప్రశ్న.

సైనిక జీవితం

పెన్సిల్వేనియా రాష్ట్రంలోని వెస్ట్ చెస్టర్‌లో ఒక క్వేకర్ కుటుంబంలో బట్లర్ జన్మించారు. యుద్ధాన్ని నిరాకరించడం క్వేకర్ల సంప్రదాయం. అయినా 1898లో స్పెయిన్‌తో యుద్ధం మొదలైనప్పుడు ఆయన పదహారేళ్లకే, వయసు ఎక్కువగా చెప్పి, మెరైన్ దళంలో చేరారు. తరువాత ఫిలిప్పీన్స్, చైనా, హోండురాస్, నికరాగువా, మెక్సికో, హైతీ దేశాలలో పనిచేశారు. 1900లో చైనాలో బాక్సర్ తిరుగుబాటు అణచివేతలో గాయపడ్డారు. 1914లో మెక్సికోలోని వెరాక్రజ్‌లోనూ, 1915లో హైతీలోనూ చేసిన పోరాటాలకు శౌర్యపతకాలు లభించాయి. మొదటి పతకానికి తాను అర్హుణ్ణి కానని తిప్పి పంపబోతే, దానిని ఉంచుకోవడమే కాక ధరించాలని కూడా పై అధికారులు ఆదేశించారు.

మొదటి ప్రపంచయుద్ధంలో ఆయనకు ముందువరుసలో పోరాడే అవకాశం రాలేదు. 1918లో ఫ్రాన్సులోని బ్రెస్ట్ రేవు దగ్గర పొంటనెజెన్ శిబిరానికి అధిపతిగా నియమితులయ్యారు. బురదతో, అంటురోగాలతో నిండిన ఆ శిబిరం గుండా అమెరికన్ సైనికులు వేల సంఖ్యలో రాకపోకలు సాగించారు. యుద్ధానికి మనుషులను ఎలా సమకూరుస్తారో, వారు ఏ స్థితిలో తిరిగి వెళతారో ఆయన అక్కడ దగ్గరగా చూశారు.

1931లో పదవీ విరమణ చేసిన మరుసటి ఏడాదే మరో అనుభవం ఎదురయింది. మొదటి ప్రపంచయుద్ధ సైనికులకు 1945లో చెల్లించవలసిన బోనస్‌ను ఆర్థికమాంద్యం దృష్ట్యా వెంటనే ఇవ్వాలని కోరుతూ వేలాదిమంది మాజీ సైనికులు 1932లో వాషింగ్టన్‌లో గుడారాలు వేసుకున్నారు. బట్లర్ జూలైలో అక్కడికి వెళ్లి వారికి మద్దతు పలికారు. అదే నెల 28న జనరల్ డగ్లస్ మెకార్థర్ నాయకత్వంలో సైన్యం వారిని తరిమివేసి, గుడారాలను తగులబెట్టింది.

యుద్ధపు జమాఖర్చులు

ఈ నేపథ్యంలో 1935లో వెలువడిన చిన్న పుస్తకం ‘వార్ ఈజ్ ఎ రాకెట్’. యుద్ధం కొద్దిమంది లాభం కోసం ఎందరో మూల్యం చెల్లించే దందా అన్నది దాని సారాంశం. బట్లర్ ఇందులో యుద్ధభూమి బీభత్సాన్ని వర్ణించడం కంటే జమాఖర్చులు చూపడానికే ఎక్కువ స్థలం కేటాయించారు. ఆయన ఇచ్చిన లెక్క ప్రకారం, యుద్ధానికి ముందు సగటున ఏడాదికి 60 లక్షల డాలర్లు ఆర్జించిన డ్యూపాంట్ సంస్థ లాభం యుద్ధకాలంలో 5 కోట్ల 80 లక్షలకు పెరిగింది. సైనికుడి నెల జీతం 30 డాలర్లు. అందులో సగం కుటుంబానికి పోగా, మిగిలినదానిలోనే బీమా సొమ్ము, యుద్ధరుణపత్రాల ఖరీదు చెల్లించాలి. 100 డాలర్లకు కొన్న ఆ పత్రాలను తిరిగివచ్చి పని దొరకని సైనికులు 84, 86 డాలర్లకు అమ్ముకున్నారని ఆయన రాశారు. మాజీ సైనికుల ఆసుపత్రులలో తాను చూసిన మనుషులను కూడా ఈ ఖర్చులోనే చేర్చారు. సెనేటర్ జెరాల్డ్ నై అధ్యక్షతన 1934-36 మధ్య జరిగిన విచారణ కూడా ఆయుధ పరిశ్రమ లాభాలను వెలికితీయడంతో ఈ వాదానికి ప్రజలలో ఆదరణ పెరిగింది.

మూడు ప్రతిపాదనలు

ఈ దందాను ఆపడానికి బట్లర్ మూడు మార్గాలు సూచించారు. మొదటిది, యువకులను నిర్బంధంగా సైన్యంలో చేర్చుకొనే ముందు పెట్టుబడినీ పరిశ్రమనూ అదే విధంగా స్వాధీనం చేసుకొని, యజమానులకు సైనికుడి జీతమే ఇవ్వడం. రెండవది, యుద్ధం చేయాలా వద్దా అన్న విషయంపై, యుద్ధానికి వెళ్లవలసినవారికి మాత్రమే ఓటుహక్కు ఇవ్వడం. మూడవది, నౌకాదళం తీరానికి 200 మైళ్లు, విమానాలు 500 మైళ్లు దాటకుండా చట్టం చేయడం. దీనిని బట్టి ఆయన ఆత్మరక్షణను నిరాకరించలేదని, అహింసావాది కాదని స్పష్టమవుతుంది.

రెండవ ప్రతిపాదనకు దగ్గరగా, యుద్ధంపై దేశవ్యాప్త ప్రజాభిప్రాయ సేకరణ కోరుతూ లూయీ లడ్లో ప్రతిపాదించిన రాజ్యాంగ సవరణను చర్చకు తీసుకురావాలన్న తీర్మానం 1938 జనవరిలో ప్రతినిధుల సభలో 188-209 ఓట్లతో ఓడిపోయింది. లడ్లో పౌరులందరికీ ఓటు కోరగా, బట్లర్ ప్రాణాపాయం ఎదుర్కొనేవారికే దానిని పరిమితం చేశారు.

పరిమితులు

బట్లర్ లెక్కలో రెండు లోపాలు కనిపిస్తాయి. మొదటిది, ఖర్చు పద్దులో ప్రధానంగా ఉన్నది అమెరికన్ సైనికుడు, పన్ను చెల్లింపుదారుడు. హైతీలో జాందార్మరీ దళానికి తొలి అధిపతి బట్లరే. 1917లో అక్కడి శాసనసభను రద్దు చేయించినవారూ ఆయనే. ఆ దళం ద్వారానే రహదారుల కోసం రైతుల చేత వెట్టిచాకిరీ చేయించారు. తాను బ్యాంకులకూ పెట్టుబడిదారులకూ కాపలాదారుగా పనిచేశానని 1935లో ఆయన బహిరంగంగా ఒప్పుకున్నారు. అయినా ఆ రైతుల నష్టం ఆయన వాదానికి కేంద్రం కాలేదు.

రెండవది, లాభాపేక్షను ప్రధాన కారణంగా చూపే ఈ వివరణ 1914-18 నాటి అనుభవం నుండి పుట్టింది. ముసోలినీ, హిట్లర్‌ల యుద్ధసన్నాహాలను బట్లర్ తన పుస్తకంలోనే ప్రస్తావించారు. కాని ఆక్రమణకు గురయ్యే జాతులు ఏం చేయాలన్న ప్రశ్నకు 200 మైళ్ల హద్దులో సమాధానం లేదు.

ముగింపు

బట్లర్ 1940 జూన్ 21న మరణించారు. ఆ మరునాడే ఫ్రాన్స్ జర్మనీతో యుద్ధవిరమణ ఒప్పందంపై సంతకం చేసింది. తరువాత జరిగిన చరిత్రను బట్టి ఆయన వాదం మొత్తాన్ని కొట్టివేయడం గాని, యుద్ధమంతా దందాయేనని దానిని యథాతథంగా స్వీకరించడం గాని సరికాదు. యుద్ధంలో పాల్గొన్నవాడి సాక్ష్యం దాని మూల్యాన్ని చెప్పగలదు. ఒక నిర్దిష్ట యుద్ధం అనివార్యమా కాదా అన్నది ఆ సాక్ష్యం ఒక్కదానితో తేలేది కాదు. అయితే మూల్యం చెల్లించేవారికి నిర్ణయంలో పాలు ఎంత అని బట్లర్ వేసిన ప్రశ్న అనివార్యమైన యుద్ధానికి కూడా వర్తిస్తుంది. ఆయన రచనను నేడు చదవవలసిన కారణం ఆ ప్రశ్నే.