రెసిడెన్సీ బజారు పక్కన ఒక బడి

సిద్దిపేట బస్సుకు వచ్చి జూబ్లీ బస్టాండుల దిగి మెట్రో ఎక్కితే నేరుగా సుల్తాన్ బజారుల దిగొచ్చు. ఆ లైను 2020 ఫిబ్రవరి 7న మొదలైంది. అంతకుముందు ఏండ్ల తరబడి అక్కడి దుకాణదార్లు మెట్రో వద్దని కొట్లాడిండ్రు. ఇది చారిత్రక బజారు, పిల్లర్లు వేస్తే చరిత్ర పోతదన్నరు. వాళ్ల బతుకుదెరువు భయాన్ని తక్కువ చేయను. కాని పోతదన్న ఆ చరిత్ర ఎవరిది?

1933 దాకా దీని పేరు రెసిడెన్సీ బజారు. కోఠీలో బ్రిటిష్ రెసిడెంటు ఉన్న భవనం చుట్టూ పెరిగిన బజారు ఇది. (ఆ ఆవరణలోని మహిళా విశ్వవిద్యాలయానికే 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టారు.) నైజాం రాజ్యం నడిబొడ్డున ఉన్నా ఇక్కడ అధికారం ఇంగ్లీషోళ్లది. ఆ రక్షణ చూసుకునే సావుకార్లు, బట్టల వ్యాపారులు ఇక్కడ స్థిరపడ్డరు. ఆ నీడనే 1892లో ఆర్యసమాజం వచ్చింది. 1901లో పుట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం కూడా ఈ బజారులోనే నిలదొక్కుకుంది. 1933లో బజారును నిజాంకు తిరిగి అప్పగించాక సుల్తాన్ బజారు అయింది.

తెలంగాణ చైతన్యం గురించి రాసిన ప్రతి ఒక్కరూ భాషా నిలయం దగ్గర మొదలుపెడతారు. గొప్ప సంస్థే, కాదనను. అయితే గ్రంథాలయం చదువు వచ్చినవాళ్ల కోసం. అక్షరం దగ్గరికే రానివ్వని మాల మాదిగలకు ముందు బడి కావాలి. ఆ బడిని 1910లో పక్కనే ఉన్న ఇసామియా బజారులో భాగ్యరెడ్డివర్మ పెట్టిండు. 1888లో మాదరి భాగయ్యగా పుట్టిన మనిషి. 1906లోనే జగన్మిత్ర మండలి పెట్టి హరికథలు, భజనలతో వాడల్లో తిరిగినవాడు. 1911లో మాన్య సంఘం, ఆ తర్వాత ఆది హిందూ సంస్థ. పైనుంచి కింది దాకా ఉర్దూ చదువే నడిచిన రాజ్యంలో ఆయన తెలుగులో నడిపిన బడులు ఇరవై దాటినయి. తెలుగు కోసం ఇంత పని చేసిన మనిషికి తెలుగు ఉద్యమ చరిత్రలో దొరికింది రెండు మూడు వాక్యాలు.

రెండు అవమానాలను పక్కపక్కన పెట్టి చూడండి. 1921 నవంబరులో ఈ బజారుకు దగ్గర్లోనే ఉన్న వివేకవర్ధినిలో సంఘ సంస్కార సభ జరిగింది. కర్వే పండితుడు అధ్యక్షుడు. ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభలో గేలి చేసిండ్రు. ఆంధ్ర జన సంఘం పుట్టుకకు ఇదే కారణమని పాఠ్యపుస్తకాల్లో సైతం చదువుకున్నం. 1930 మార్చిలో మా మెదక్ జిల్లా జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షుడు. అక్కడికి వచ్చిన భాగ్యరెడ్డివర్మ విషయంలో ఛాందసులు అభ్యంతరం లేవదీసిండ్రు. తెలుగువానికి జరిగిన అవమానంలోంచి ఉద్యమం పుట్టింది. తెలుగువాళ్ల సభలో దళితునికి జరిగిన అవమానం మాత్రం ఒక చిన్న సంఘటనగా మిగిలిపోయింది. ఇంగ్లీషోళ్ల నీడన మాట్లాడే స్వేచ్ఛ దొరికిందే గాని కులం ఆ బజారు హద్దు కాడ ఆగలేదు.

మరుసటి ఏడే, 1931లో, ఆయన తన భాగ్యనగర్ పత్రికలో ‘వెట్టి మాదిగ’ కథ అచ్చేసిండు. ఆ ఏటి జనాభా లెక్కల్లోనే నైజాం రాజ్యంలోని అంటరానివాళ్లను ఆది హిందువులుగా రాసిండ్రు. దాని వెనక ఆయన ఉద్యమమే ఉంది. పట్నంలో బడి పెట్టిన మనిషికి పల్లెలో వెట్టి యాదికుంది. సిద్దిపేట చుట్టుపక్కల ఊర్లల్ల దొర గడికి చెప్పులు కుట్టిచ్చి, కబురు మోసి, కూలి అడగలేని బతుకులు ఆయనకు వార్త కాదు.

నేను డిగ్రీ పుస్తకాలు కోఠీ ఫుట్‌పాత్ మీద సగం ధరకు కొన్న. మా ఇంట్ల కాలేజీ పుస్తకం పట్టిన మొదటి మనిషిని. సంచి భుజాన వేసుకుని ఇసామియా బజారు దిక్కు నుంచే ఎన్నోసార్లు నడిచిపోయిన. అక్కడొక బడి ఉండేదని చెప్పినవాళ్లు లేరు.