జగజ్జేత ఇంటి ఆడవాళ్లు



చెంఘిజ్ ఖాన్ అనగానే మన కళ్లకు గుర్రాల దండు, దుమ్ము, తగలబడే ఊళ్లు కనిపిస్తాయి. పేరు చివర ఖాన్ అని ఉంది కదా అని ఆయన్ని ముస్లిం రాజనుకునేవాళ్లు కూడా ఉన్నారు. కాదండీ. ఆ గడ్డిమైదానాల్లో ఖాన్ అంటే నాయకుడు. ఆయన నీలాకాశాన్ని దైవంగా కొలిచిన మంగోలు. తెన్నేటి సూరిగారి నవల చదివినవాళ్లకు ఆయన అసలు పేరు తెముజిన్ అని తెలిసే ఉంటుంది.

ఈ తెముజిన్ ఎలా పైకి వచ్చాడో చూపిస్తూ 2007లో 'మంగోల్' అనే సినిమా వచ్చింది. తీసినవాడు సెర్గెయ్ బొద్రోవ్ అనే రష్యన్ దర్శకుడు. తెముజిన్‌గా వేసినవాడు తదనోబు అసానో అనే జపాన్ నటుడు. భార్య బోర్తెగా వేసిన ఖులాన్ చులూన్ మాత్రం మంగోలు పిల్లే. యుద్ధాలున్న సినిమా మనకెందుకు అనుకోకండి. ఆ కథకు మూలం ఒక ఇల్లు, ఆ ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు.

ఖాన్ పోయిన తర్వాత, 13వ శతాబ్దంలోనే, మంగోలులు తమ చరిత్ర తామే రాసుకున్నారు. దాన్ని 'మంగోలుల రహస్య చరిత్ర' అంటారు. ఇప్పుడు నేను చెప్పే సంగతులు చాలావరకు అందులోవే.

తెముజిన్ తల్లి హోయెలున్. ఆమె అసలు మెర్కిత్ తెగవాడికి భార్య. కొత్త కోడలిగా బండిలో వెళ్తుంటే, తెముజిన్ తండ్రి యెసుగెయ్ దారికాచి ఎత్తుకొచ్చేశాడు. అలా ఎత్తుకొచ్చిన ఇంట్లోనే ఆమె పిల్లల్ని కన్నది. తెముజిన్‌కు తొమ్మిదేళ్లప్పుడు తండ్రి పదేళ్ల బోర్తెతో సంబంధం కుదిర్చి తిరిగి వస్తుంటే, దారిలో తాతార్లు విషం పెట్టి చంపారు. వెంటనే అయినవాళ్లంతా గుడారాలు పీక్కుని, ఈ విధవరాలిని, పసిపిల్లల్ని వదిలేసి పోయారు. ఆమె ఏడుస్తూ కూర్చోలేదు. కొంగు బిగించి మనం పనిలోకి దిగినట్టే, ఆమె టోపీ బిగించి, నడికట్టు గట్టిగా కట్టుకుని, ఒనోన్ నది ఒడ్డున అడవిపళ్లు ఏరి, కర్రతో దుంపలు తవ్వి పిల్లల కడుపులు నింపింది. ఆ దుంపలు తిని పెరిగినవాడే రేపటి చక్రవర్తి.

పెద్దవాడై తెముజిన్ బోర్తెను పెళ్లి చేసుకున్నాడు. అత్తగారి లాంఛనంగా ఆమె పుట్టింటివారు నల్లని బొచ్చుకోటు ఒకటి ఇచ్చారు. చాలా ఖరీదైనది. తెముజిన్ ఆ కోటును తీసుకువెళ్లి, తన తండ్రికి స్నేహితుడైన తొఘ్రుల్ అనే నాయకుడికి కానుకగా ఇచ్చి, అతని అండ సంపాదించాడు. అంటే ఆయన రాజకీయానికి తొలి పెట్టుబడి కోడలి వెంట వచ్చిన లాంఛనమన్నమాట!

ఎప్పుడో ఒకనాడు చేసిన అప్పు తీర్చక తప్పదు కదా. హోయెలున్‌ను పోగొట్టుకున్న మెర్కిత్‌లు ఏళ్ల తర్వాత పగతో వచ్చి పడ్డారు. తెల్లవారుజామున నేల అదరడం విని ఇంటి ముసలి దాసి అందరినీ లేపింది. ఉన్న గుర్రాల మీద మగవాళ్లు, హోయెలున్ కొండల్లోకి పారిపోయారు. బోర్తెకు మాత్రం గుర్రం మిగల్లేదు. ఎద్దుబండిలో దాక్కుంటే ఇరుసు విరిగింది, దొరికిపోయింది. మామగారు చేసిన పనికి కోడలు బదులు చెల్లించింది. ఆమెను హోయెలున్ మొదటి భర్త తమ్ముడికే అప్పగించారు.

తెముజిన్ తొఘ్రుల్‌నీ, చిన్ననాటి స్నేహితుడు జముఖనూ కూడగట్టుకుని వెళ్లి రాత్రివేళ దాడి చేశాడు. ఆయన చేసిన మొదటి పెద్ద యుద్ధం ఇదే. భార్య పేరు పెట్టి కేకలు వేస్తూ ఆ గలాటాలో వెతికాడట. ఆమె బండి దిగి పరుగున వచ్చి, వెన్నెల్లో అతని గుర్రం కళ్లెం గుర్తుపట్టి పట్టుకుంది.

ఆమె తిరిగి వచ్చిన కొద్దికాలానికే మొదటి కొడుకు జోచి పుట్టాడు. ఎవరి బిడ్డ? ఇక్కడ మనకు సీతమ్మ గుర్తుకు రాకుండా ఉండదు. తెముజిన్ మాత్రం బోర్తెను ఏ పరీక్షా పెట్టలేదు, బిడ్డను నా పెద్దకొడుకే అన్నాడు. సినిమాలో కూడా ఈ ఘట్టం అలాగే ఉంటుంది. కానీ 1956లో హాలీవుడ్‌వాళ్లు జాన్ వేన్‌తో 'ది కాంకరర్' అని ఒకటి తీశారు. అందులో బోర్తెను ఎత్తుకొచ్చేది తెముజినే! ఆమె పడ్డ కష్టాన్ని ప్రేమకథగా మార్చేశారు.

2007 సినిమాలోనూ కల్పనలు లేకపోలేదు. తెముజిన్ తంగుత్ రాజ్యంలో చెరసాలలో ఉండటం, బోర్తె ఒక వర్తకుడి వెంట వెళ్లి విడిపించడం రహస్య చరిత్రలో కనిపించవు. ఉన్నది వేరే ఉంది. జముఖ మాటల్లో ఏదో తేడా కనిపించి తెముజిన్ తల్లిని సలహా అడిగితే, ఆమె కంటే ముందు బోర్తె అందుకుని, అతనికి త్వరగా మొహం మొత్తుతుంది, ఆగకుండా ఈ రాత్రే వెళ్లిపోదాం అంది. వెళ్లిపోయారు. అక్కణ్ణించే ఆయన సొంత బలం మొదలైంది. 1206లో తెగలన్నీ కలిసి ఆయన్ని చెంఘిజ్ ఖాన్ అన్నాయి.

కథ ఇక్కడ ముగిస్తే బాగుండును. 1202లో తాతార్లను గెలిచినప్పుడు ఆయన యెసుయ్, యెసుగెన్ అనే అక్కచెల్లెళ్లను భార్యలుగా తెచ్చుకున్నాడు. విందులో యెసుయ్ ఒక్క నిట్టూర్పు విడిచింది. అనుమానించి వెతికిస్తే, గుంపులో ఆమె భర్త దొరికాడు. అతని తల తీయించాడు. తన భార్య కోసం రాత్రంతా కేకలు పెట్టినవాడే ఈ పని చేశాడు.

ఇంట్లో కూడా ఆ పాత గాయం మానలేదు. పశ్చిమ దండయాత్రకు ముందు వారసుడెవరన్న మాట వచ్చినప్పుడు, రెండో కొడుకు చగతాయ్ తండ్రి ఎదుటే జోచిని మెర్కిత్‌ల బిడ్డ అనేశాడు. అన్నదమ్ములు కొట్టుకోబోయారు. ఒక పెద్దాయన మధ్యకు వచ్చి, ఆ కల్లోలపు రోజుల్లో మీ అమ్మ కోరి వెళ్లలేదు, మీరంతా ఒకే కడుపున పుట్టారు అని మందలించాడు. తండ్రి కూడా అలా అనవద్దన్నాడు. అయినా సింహాసనం మూడో కొడుకు ఒగెదెయ్‌కు పోయింది. జోచి తండ్రి కంటే ముందే కన్నుమూశాడు.

చూశారా, భర్త మనసులో పెట్టుకోని మాట కొడుకు నోట వచ్చింది. తప్పు ఎవరిదైనా మచ్చ మాత్రం ఆడదానికీ, ఆమె బిడ్డకీ అంటించే లోకరీతి గుడారంలోనూ అదే, కోటలోనూ అదే.

ఇదంతా ఎక్కడో జరిగిందనుకోకండి. 1526లో ఢిల్లీ గెలిచిన బాబర్ తల్లి కుత్లుగ్ నిగార్ ఖానం చగతాయ్ వంశపు ఆడపడుచు. ఆ లెక్కన 1687లో మన గోల్కొండను పట్టిన ఔరంగజేబుకు కూడా బోర్తె పూర్వీకురాలే.

ఈ సినిమా మీ ఇంట్లో చూస్తే పిల్లలు కత్తులు, గుర్రాలు చూసి మురిసిపోతారు. పక్కన కూర్చుని ఆ నది ఒడ్డున దుంపలు తవ్విన తల్లి గురించి, గుర్రం దొరకని కోడలి గురించి చెప్పండి. యెసుయ్ నిట్టూర్పు కూడా చెప్పండి. అప్పుడే ఆ చరిత్ర వాళ్లకు పూర్తిగా తెలిసినట్టు.

సెలవు.