బస్సులోకి బెల్టు ఎలా వచ్చింది? 1989 నాటి రెండు ప్రమాదాలు



సంతరోజు మన జీపులు ఎలా వెళ్తాయో మీకు చెప్పక్కర్లేదు. పదిమంది పట్టే బండిలో ఇరవైమంది, వెనకాల వేలాడేవాళ్లు నలుగురు, పైన మూటల మీద ఇంకొందరు. ఆ బండిలో సీటు బెల్టు మాటెత్తితే నవ్వుతారు. అయినా బస్సులోకి బెల్టు ఎలా వచ్చిందో మనం తెలుసుకోవాలి. అది ఎవరో దయతలచి ఇచ్చింది కాదు మరి.

కారు బెల్టు కథ చిన్నదే. భుజం మీదుగా, నడుము మీదుగా పట్టి ఉంచే బెల్టును 1959లో స్వీడన్‌లోని వోల్వో కంపెనీ ఇంజనీరు నీల్స్ బోలిన్ తయారుచేశాడు. పేటెంటు తమదే అయినా మిగతా కంపెనీలనూ వాడుకోనిచ్చింది వోల్వో. 1970లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం కారులో బెల్టు పెట్టుకోవడం తప్పనిసరి చేసింది. ప్రపంచంలో అలాంటి చట్టాల్లో అదే మొదటిది.

మరి బస్సు? పెద్ద బండి, బరువైన బండి, దానికేమవుతుందిలే అనుకున్నారు. అలా 19 ఏళ్లు గడిచాయి.

1989 అక్టోబరు 20న తెల్లవారుజామున న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో, గ్రాఫ్టన్ ఊరి దగ్గర పసిఫిక్ హైవే మీద ఒక పెద్ద లారీ, దూరం వెళ్లే బస్సు ఢీకొన్నాయి. 21 మంది చనిపోయారు. లారీ డ్రైవరు ఒంట్లో ఎఫిడ్రిన్ ఎక్కువ మోతాదులో ఉందని తేలింది. నిద్ర రాకుండా వేసుకునే మందు అది. ఆ ఏడుపు ఆగకముందే, రెండు నెలల రెండు రోజులకు, డిసెంబరు 22న, అదే హైవే మీద కెంప్సీ దగ్గర రెండు బస్సులు ఎదురెదురుగా గుద్దుకున్నాయి. 35 మంది పోయారు. ఇంకో 41 మందికి గాయాలు.

కెంప్సీలో బయటపడ్డ విషయం ఒకటుంది. సీట్లే నేల నుంచి ఊడిపోయాయి. ఊడిన సీట్ల కింద జనం ఇరుక్కుపోయారు. బస్సు ఆగినా లోపలి మనిషి ఆగడు, బస్సు ఏ వేగంతో వెళ్తోందో అదే వేగంతో ముందుకు పోతాడు. వెనక సీటు మనిషి బరువంతా ముందు సీటు మీద పడుతుంది. అలాంటి సీటుకు ఊరికే బెల్టు కుట్టేస్తే ఏం లాభం? సీటు, బెల్టు, మనిషి మూడూ కలిసి ఎగురుతాయి. అందుకే బెల్టు పెట్టాలంటే ముందు సీటు కాళ్లు గట్టిగా ఉండాలి, ఆ కాళ్లు దిగిన నేల గట్టిగా ఉండాలి. బస్సు కంపెనీలకు అది ఖర్చుతో కూడిన పని.

విచారణ జరిపిన అధికారి బెల్టులు, గట్టి సీట్లు కావాలన్నాడు, హైవేను రెండు వైపులా విడదీయాలన్నాడు. 1994 నుంచి ఆస్ట్రేలియాలో కొత్తగా వచ్చే దూరప్రయాణ బస్సులకు భుజం మీదుగా వచ్చే బెల్టు తప్పనిసరి అయింది. ఊళ్లో ఆగుతూ ఆగుతూ తిరిగే బస్సులకు మినహాయింపు ఇచ్చారు. ఇక ఆ హైవే పని? 2020 డిసెంబరులో పూర్తయింది. బెల్టుకు ఐదేళ్లు, రోడ్డుకు ముప్పై ఒక్క ఏళ్లు!

పోనీ బెల్టు వచ్చాక బాధ తీరిందా అంటే అదీ లేదు. 2023 జూన్‌లో అదే రాష్ట్రంలోని హంటర్ లోయలో పెళ్లి నుంచి తిరిగొస్తున్న బస్సు బోల్తా పడి 10 మంది చనిపోయారు. బస్సులో బెల్టులు ఉన్నాయి. చాలామంది పెట్టుకోలేదు.

మన దగ్గరికొస్తే లెక్క వేరు. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్‌లో ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా పోయారు. అందులో వందమందికి పైగా ఎక్కారు. ఒకరి మీద ఒకరు పడి ఊపిరాడక పోయినవాళ్లున్నారు. నిలబడ్డవాళ్లకు ఏ బెల్టు కడతారు? నా ఉద్దేశంలో ఏజెన్సీ ఘాట్ రోడ్లకు మొదటి బెల్టు ఇంకో బస్సే.

2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించారు. 194బి సెక్షన్ ప్రకారం బెల్టు లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. అయితే నిలబడి ప్రయాణించే బస్సులకు రాష్ట్ర ప్రభుత్వం మినహాయింపు ఇవ్వొచ్చని అందులోనే రాశారు. దాని పక్కనే ఉన్న 194ఎ గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. పరిమితికి మించి ఎక్కించుకుంటే ఒక్కో మనిషికి 200 రూపాయల జరిమానా, ఇది అందరికీ తెలిసిందే. తెలియంది ఏంటంటే, ఎక్కువైనవాళ్లను దించి, వాళ్లకు వేరే బండి ఏర్పాటు చేసేదాకా ఆ వాహనాన్ని కదలనివ్వకూడదని కూడా ఆ సెక్షన్ చెప్తోంది. చలానా రాసి బండిని పంపించేస్తే సగం చట్టమే అమలైనట్టు. మీ ఊరికి బస్సు కావాలని ఈసారి డిపోకి అర్జీ పెట్టేటప్పుడు ఆ సెక్షన్ నంబరు కూడా రాయండి.