తిన్నది ఒంటబట్టేదెంత? జీర్ణక్రియ పరిశోధనలో విశ్వవిద్యాలయాల అంతర్జాతీయ సహకారం

జంషెడ్‌పూర్: బిడ్డ కంచంలోకి ఎంత తిండి చేరుతున్నదో లెక్కగట్టడం సులభం. అందులో ఒంటబట్టేది ఎంత అన్నది తేల్చడమే కష్టం. పోషకాహార పథకాలన్నీ ఇంతకాలం ప్రధానంగా మొదటి లెక్కపైనే ఆధారపడ్డాయి. రెండో లెక్క తేల్చేందుకు ఆహార శాస్త్రవేత్తలు, వైద్యులు, సూక్ష్మజీవ శాస్త్రవేత్తలు దేశాల ఎల్లలు దాటి ఒకే బృందంగా పనిచేయవలసి వస్తున్నది. తెలుగు కుటుంబాలు తరాలుగా స్థిరపడిన ఈ ఉక్కునగరం చుట్టూ ఉన్న సింగ్‌భూమ్ పల్లెలకు ఈ పరిశోధనలో ప్రత్యేక స్థానం ఉంది.

అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం జార్ఖండ్‌లో అయిదేళ్లలోపు పిల్లల్లో 39.6 శాతం మంది వయసుకు తగిన ఎత్తు లేక గిడసబారినవారే. ఎత్తుకు తగిన బరువు లేనివారు 22.4 శాతం. గిడసబారిన పిల్లల జాతీయ సగటు 35.5 శాతం కాగా, తెలంగాణలో 33.1, ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతంగా నమోదైంది. ఈ అంకెల వెనుక పేదరికం, తల్లుల ఆరోగ్యం, పారిశుద్ధ్యం వంటి కారణాలు అనేకం. వాటికి జీర్ణక్రియను కూడా చేర్చి చూడాలని గత రెండు దశాబ్దాల పరిశోధన చెబుతున్నది.

పశ్చిమ సింగ్‌భూమ్ నేర్పిన పాఠం

జంషెడ్‌పూర్‌కు సుమారు 60 కిలోమీటర్ల దూరంలోని చక్రధర్‌పూర్ కేంద్రంగా 'ఏక్‌జుట్' అనే స్వచ్ఛంద సంస్థ పనిచేస్తున్నది. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులతో కలిసి ఈ సంస్థ పశ్చిమ సింగ్‌భూమ్, సరాయ్‌కేలా ఖర్సావాఁ జిల్లాల్లోనూ, ఒడిశాలోని కెందుఝర్‌లోనూ 36 గ్రామ సముదాయాలపై జరిపిన అధ్యయనం 2010లో లాన్సెట్ పత్రికలో వెలువడింది. గ్రామ మహిళలు బృందాలుగా కూడి తమ సమస్యలను తామే చర్చించుకుని పరిష్కారాలు వెతుక్కున్న చోట మూడేళ్లలో నవజాత శిశుమరణాలు 32 శాతం తగ్గాయి.

అదే పద్ధతిని పిల్లల ఎదుగుదలకు వర్తింపజేస్తూ 'కేరింగ్' అనే మరో ప్రయోగం 2013లో మొదలైంది. పశ్చిమ సింగ్‌భూమ్, కెందుఝర్ జిల్లాల్లో 120 గ్రామ సముదాయాలను ఇందుకు ఎంచుకున్నారు. శిక్షణ పొందిన స్థానిక మహిళలు గర్భిణుల ఇళ్లకూ, రెండేళ్లలోపు పిల్లల ఇళ్లకూ వెళ్లి సలహాలిచ్చారు. నెలనెలా సమావేశాలు నిర్వహించారు. 2017లో వెలువడిన ఫలితాలు ఆశను, ఆలోచనను కలిపి మిగిల్చాయి. తల్లుల, పిల్లల ఆహారంలో వైవిధ్యం పెరిగింది. తినిపించే ముందు చేతులు కడుక్కునే అలవాటు బలపడింది. తక్కువ బరువున్న పిల్లల సంఖ్య తగ్గింది. శిశుమరణాలు కూడా తగ్గాయి. అయితే ప్రయోగానికి ప్రధాన లక్ష్యమైన ఎత్తులో మాత్రం గణాంకపరంగా చెప్పుకోదగిన తేడా కనిపించలేదు.

ఈ ఫలితానికి ఒకే కారణం చూపడం శాస్త్రీయం కాదు. కానీ కంచం మెరుగుపడినా ఎత్తు ఎందుకు పెరగలేదన్న ప్రశ్న పరిశోధకుల దృష్టిని కంచం నుంచి పేగు వైపు కూడా మళ్లించే ప్రశ్నే.

పేగులో దాగిన అడ్డంకి

చిన్నపేగు లోపలి గోడపై వేలికొసల వంటి ఆంత్రచూషకాలు ఉంటాయి. పోషకాలు రక్తంలోకి చేరేది వీటి ద్వారానే. కలుషితమైన పరిసరాల్లో పెరిగే పిల్లల పేగుల్లోకి సూక్ష్మజీవులు పదేపదే చేరడం వల్ల విరేచనాలు లేకపోయినా లోలోపల వాపు నిలిచిపోతుంది. చూషకాలు పొట్టిబారుతాయి, పేగు గోడ పటుత్వం కోల్పోతుంది. పరిసరాల వల్ల కలిగే ఈ పేగు రుగ్మతకు బయటికి కనిపించే లక్షణాలు దాదాపు ఉండవు.

దీనిని అర్థం చేసుకునేందుకు 2009లో మొదలైన 'మాల్‌-ఎడ్' అధ్యయనంలో బంగ్లాదేశ్, బ్రెజిల్, భారత్, నేపాల్, పాకిస్థాన్, పెరూ, దక్షిణాఫ్రికా, టాంజానియా పాల్గొన్నాయి. భారత్ తరఫున వెల్లూరులోని క్రైస్తవ వైద్య కళాశాల భాగస్వామిగా నిలిచింది. ఎనిమిది దేశాల్లో ఒకే పద్ధతిలో పిల్లలను పుట్టినప్పటి నుంచి పరిశీలించడం దీని ప్రత్యేకత.

శుభ్రమైన నీరు, మరుగుదొడ్లు, చేతుల శుభ్రత కల్పిస్తే ఎదుగుదల మెరుగుపడుతుందా అన్న ప్రశ్నపై బంగ్లాదేశ్, కెన్యా, జింబాబ్వేలలో పెద్ద ప్రయోగాలు జరిగాయి. 2018, 2019 సంవత్సరాల్లో వెలువడిన ఫలితాలు చాలామంది అంచనాలను తలకిందులు చేశాయి. ఇంటింటికీ కల్పించిన ఈ సదుపాయాలు పిల్లల ఎత్తును పెంచలేదు. అదనపు పోషకాహారం వల్ల మాత్రం కొద్దిపాటి ప్రయోజనం కనిపించింది. పారిశుద్ధ్యం అనవసరమని దీని అర్థం కాదు. పేగును కాపాడాలంటే మరింత సమగ్రమైన మార్పు అవసరమని పరిశోధకులు గ్రహించారు.

ప్రయోగశాలలో కృత్రిమ ఉదరం

ప్రతి ఆహారాన్నీ మనుషులకు తినిపించి పరీక్షించడం సాధ్యం కాదు. అందుకే గాజు పాత్రల్లో జీర్ణక్రియను అనుకరించే పద్ధతులు పుట్టాయి. అయితే ఒక్కో ప్రయోగశాల ఒక్కో ఆమ్లత్వాన్ని, ఒక్కో ఎంజైము మోతాదును వాడటంతో ఒకరి ఫలితాన్ని మరొకరి ఫలితంతో పోల్చే వీలు లేకపోయింది. ఈ గందరగోళాన్ని తొలగించేందుకు ఐరోపాలో 2011లో 'ఇన్ఫోజెస్ట్' కూటమి ఏర్పడింది. ఇది రూపొందించిన ఉమ్మడి పద్ధతి 2014లోనూ, సవరించిన రూపం 2019లోనూ ప్రచురితమయ్యాయి.

ఆ పద్ధతి ప్రకారం ఆహారాన్ని 37 డిగ్రీల వద్ద కృత్రిమ లాలాజలంతో 2 నిమిషాలు, తరువాత పీహెచ్ 3 వద్ద జఠర రసంతో 2 గంటలు, ఆపై పీహెచ్ 7 వద్ద చిన్నపేగు రసాలతో మరో 2 గంటలు ఉంచుతారు. నియమం ఒక్కటే కావడంతో ఒక దేశంలో పరీక్షించిన పప్పును మరో దేశంలో పరీక్షించిన పాలతో పోల్చవచ్చు. ఉదర కండరాల కదలికలను కూడా అనుకరించే యంత్రాన్ని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో ఆచార్య ఆర్. పాల్ సింగ్ బృందం రూపొందించి 2010లో వివరించింది.

గుడ్డు, బియ్యం, రాగి, పెసలు

గాజు పాత్ర చెప్పినదాన్ని చివరకు మనిషిలోనే సరిచూసుకోవాలి. మాంసకృత్తుల నాణ్యతను చిన్నపేగు చివరి వరకు జరిగే జీర్ణం ఆధారంగా అంచనా వేయాలని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ నిపుణుల సంఘం 2013 నివేదికలో సిఫారసు చేసింది. పెద్దపేగులోని బాక్టీరియా మిగిలిన మాంసకృత్తులను వాడుకోవడం వల్ల మలాన్ని మాత్రమే పరీక్షిస్తే లెక్క తప్పుతుంది. కానీ పసిపిల్లల పేగు చివరి భాగం నుంచి నమూనాలు తీయడం తగదు.

దీనికి బెంగళూరులోని సెయింట్ జాన్స్ పరిశోధన సంస్థ, గ్లాస్గో విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు, అంతర్జాతీయ అణుశక్తి సంస్థ సహకారంతో ఒక మార్గం కనుగొన్నారు. పంటకు భారజలం అందించి, గింజలోని ఆమినో ఆమ్లాలకు డ్యుటీరియం గుర్తు వేస్తారు. దానికి తోడుగా భార కార్బన్‌తో గుర్తించిన మరో మాంసకృత్తిని తినిపిస్తారు. రక్తంలో ఆ రెండు గుర్తుల నిష్పత్తిని పోల్చి ఎంత జీర్ణమైందో చెబుతారు. ఈ ఐసోటోపులు రేడియోధార్మికత లేనివి.

రెండేళ్లలోపు భారతీయ పిల్లలపై ఈ పద్ధతిలో జరిపిన అధ్యయనం 2019లో వెలువడింది. గుడ్డు మొదటి స్థానంలో, బియ్యం ఆ తరువాత నిలవగా, రాగి, పెసలు వెనుకబడ్డాయి. మడువా పేరుతో రాగిని, రకరకాల పప్పులను తినే జార్ఖండ్‌కూ, రాగిసంకటి తినే రాయలసీమకూ ఇది పట్టించుకోవలసిన విషయం. రాగి తినవద్దని దీని సారాంశం కాదు. సున్నం, పీచు విషయంలో దాని విలువ చెక్కుచెదరలేదు. పొట్టు తీయడం, నానబెట్టడం, మొలకెత్తించడం, పులియబెట్టడం వంటి ఇంటి పద్ధతులు గింజల్లోని ఫైటేట్, టానిన్ వంటి అవరోధాలను తగ్గిస్తాయి. అమ్మమ్మల వంటింటి విద్యకు శాస్త్రీయ కొలమానం దొరకడమే ఇక్కడి విశేషం.

ఢాకా చూపిన దారి

పేగులోని మేలుచేసే సూక్ష్మజీవులకే ఆహారం అందించవచ్చా? ఢాకాలోని అంతర్జాతీయ అతిసార వ్యాధుల పరిశోధన కేంద్రం, అమెరికాలోని సెయింట్ లూయిస్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయం కలిసి ఈ ప్రశ్నకు జవాబు వెతికాయి. శనగపిండి, వేరుశనగ, సోయా పిండి, పచ్చి అరటికాయతో చేసిన ఆహారాన్ని ఢాకా మురికివాడలో ఒక మోస్తరు పోషకాహార లోపమున్న పిల్లలకు 3 నెలలు అందించారు. వాడుకలో ఉన్న పోషకాహారం కన్నా దీనిలో శక్తి తక్కువైనా బరువు పెరుగుదల మెరుగ్గా ఉన్నట్లు 2021లో ప్రకటించారు. వాడిన పదార్థాలన్నీ మన సంతల్లో దొరికేవే.

తెలుగు నేల వారసత్వం

ఈ సహకారానికి పాత చరిత్ర ఉంది. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ప్రారంభించిన చిన్న పరిశోధన విభాగమే 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా మారింది. 1928లో లండన్ నుంచి బొంబాయి వచ్చిన లూసీ విల్స్ గర్భిణుల రక్తహీనతను ఈస్ట్ సారం నయం చేస్తుందని గుర్తించారు. అందులోని కారకమే ఫోలిక్ ఆమ్లం.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు స్ప్రూ వ్యాధికి సోదరుని కోల్పోయారు. పోషకాలు ఒంటబట్టనీయకుండా పేగును దెబ్బతీసే వ్యాధి అది. హార్వర్డ్‌లో పరిశోధన సాగించి 1940లో లెడర్లీ సంస్థలో చేరిన ఆయన నేతృత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని సంశ్లేషించింది. ఉష్ణమండల స్ప్రూ చికిత్సలో అది కీలకమైన ఔషధమైంది.

సహకారానికి హద్దులు

విదేశీ భాగస్వామ్యంతో జరిగే ఆరోగ్య పరిశోధనలను కేంద్ర ఆరోగ్య శాఖ పరిశీలన సంఘం సమీక్షిస్తుంది. భారత వైద్య పరిశోధన మండలి దానికి సచివాలయంగా వ్యవహరిస్తుంది. సంస్థాగత నైతిక సంఘం ఆమోదం, పిల్లల విషయంలో తల్లిదండ్రుల సమ్మతి తప్పనిసరి.

ఆహారంలోని సూక్ష్మజీవుల విషయంలో మరో చట్టం వర్తిస్తుంది. జార్ఖండ్ ఆదివాసులు హండియా అనే బియ్యపు పానీయాన్ని రాను అనే మూలికల మాత్రలతో పులియబెడతారు. అటువంటి జీవవనరులను విదేశీ సంస్థలు పొందాలంటే 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి కావాలి. కేంద్రం మార్గదర్శకాలకు లోబడిన కొన్ని ఉమ్మడి పరిశోధనలకు మినహాయింపు ఉంది. వనరుల ప్రయోజనాన్ని వాటిని కాపాడిన సమాజంతో పంచుకోవాలన్నది ఈ చట్టం ఉద్దేశం.

నమూనాలు ఒక దేశానివి, యంత్రాలు మరో దేశానివి అయినప్పుడు ఫలితం ఎవరి కంచానికి చేరుతుందన్నదే సహకారానికి అసలు పరీక్ష. అంగన్‌వాడీ ఆహార పట్టికలో ఏ గింజ ఎంత ఉండాలి, దానిని ఎలా వండాలి, గుడ్డుకు చోటెంత అన్న నిర్ణయాలకు ఇప్పుడు గ్రాముల లెక్కతో పాటు జీర్ణమయ్యే పాళ్ల లెక్క కూడా అందుబాటులోకి వస్తున్నది. ఆ రెండింటినీ కలిపి చూసే బాధ్యత పథకాలు రూపొందించే ప్రభుత్వాలపై ఉంది.