కఱవుసీమయు, ప్రకటన గ్రంథమందలి ధన్యవచనములును

కదిరినుండి యనంతపురమునకుఁ బోవు బాటమీఁద ముదిగుబ్బ కలదు. కదిరి తాలూకా 1910లోఁ గడప మండలమునుండి తీసి యనంతపుర మండలమునఁ జేర్పఁబడినది. 2022 నుండి ముదిగుబ్బ శ్రీ సత్యసాయి జిల్లాలోనిది. జిల్లా యేదైనను భూమి యదియే. ఈ పీఠభూమిని సాలునకు సగటున 550 మిల్లీమీటర్ల వాన కురియుటయే గొప్ప. మద్దిలేఱు పేరున కేఱుగాని, పెక్కు నెలలు ఇసుకదారియే. ఇసుకలోఁ జెలమలు త్రవ్వి నీరు తోడుకొనుట యీ సీమవారికిఁ దరతరముల యలవాటు. ఇట్టిచోట నొకఁడు ఆఁకలిదప్పులు లేని కాలము వచ్చునని, ఎండ వడగాల్పులు తగులవని, జీవజలముల బుగ్గలయొద్దకు నడిపింపఁబడుదురని చదువఁగా వినువారి మనస్సున నేమి తోఁచును?

ఈ వాగ్దానము క్రైస్తవవేదమునఁ గడపటిదైన ప్రకటన గ్రంథమున 7వ యధ్యాయమునఁ గలదు. ఇది యుగాంతమును గూర్చిన దర్శనముల గ్రంథము. పత్మాసు ద్వీపముననున్న యోహానునకుఁ గనఁబడినవిగాఁ జెప్పఁబడినవి. క్రీస్తుశకము మొదటి శతాబ్ది చివర పుట్టినదని విమర్శకులలోఁ బెక్కండ్ర మతము. మన పండితులలో దీనిని గూర్చి యొక తీర్పు చాలకాలముగాఁ జెల్లుచున్నది: ఇందలి దీవెనలు పురాణాంతమునఁ గనఁబడు ఫలశ్రుతివంటివనియు, మీమాంసకుల మాటలో నర్థవాదమనియు, ఆఁకలిగొన్నవానికిఁ జూపిన యెరయనియు. ఈ తీర్పు గ్రంథమును మాత్రమే కొట్టివేయుట కాదు; దానిని నమ్మిన యీ సీమ పేదలను గూడ తెలివిమాలినవారినిగా నెంచుట. కావున దీనిని బరీక్షింపవలసియున్నది.

ముందుగా గ్రంథము తెనుఁగునకు వచ్చిన త్రోవ. బెంజమిన్ షుల్జ్ అను జర్మను దేశీయుఁడు చెన్నపట్టణమునందుండి 1727లో నూతన నిబంధనమును, 1732లో మిగిలిన భాగమును దెనిఁగించెను, అవి యచ్చుపడలేదు. 1805లో విశాఖపట్టణమునకు వచ్చిన లండను మిషనరీ సంఘమువారికిఁ గ్రైస్తవుఁడైన యానందరాయఁడను బ్రాహ్మణుఁడు తోడ్పడెను. వారి సువార్తలు 1812లో శ్రీరామపురమున ముద్రితములయ్యెను. 1818లో నచటనే నూతన నిబంధన మంతయు వెలువడెను. ఆ లండను సంఘమే 1810 నుండి బళ్లారిలోను, 1822 నుండి కడపలోను బనిచేసినది. ముదిగుబ్బ యీ రెండు పట్టణముల సీమల నడుమ నున్నది.

ఇఁక వ్యాకరణము. ప్రకటన గ్రంథమున 'ధన్యుఁడు' లేక 'ధన్యులు' అను మాటతోఁ గూడిన వాక్యములు ఏడు. మూలమందలి గ్రీకుపదము 'మకారియొస్'. దీనికి వేఱుగా 'యులొగియ' యని మఱొక పదము గలదు. దానికి నేఁటి వాడుకలోని తెనుఁగు బైబిలునందు 5వ యధ్యాయమున 'స్తోత్రము' అని యున్నది. మొదటిది యాశీస్సు కాదు, స్థితికథనము. సంస్కృతమున నాశీరర్థమునకుఁ బాణిని లిఙ్లోట్టులను విధించెను. తెనుఁగున నాయర్థము 'గాక' చేతఁ దెలియును. మొదటి యధ్యాయమున నీ భేదము ప్రక్కప్రక్కనే కనఁబడును. 3వ వచనమున 'ధన్యులు' అని యూరకున్నది. 4వ దానిమీఁది శుభాకాంక్షయందు 'గాక' చేరినది. అనువాదకు లెవరైనను గ్రీకును, తెనుఁగును గూడ నెఱిఁగినవారే. ధన్యవచనము 'నీకు మేలగుఁగాక' యను కోరిక కాదు, 'వీఁడు పొందినవాఁడు' అను నిశ్చయము.

పాణినీయమున ధన్యశబ్దము ధనశబ్దమునకు యత్ప్రత్యయము చేరఁగా 'ధనమును బొందువాఁడు' అను నర్థమున సిద్ధించును. లోకమున నీ యర్థము మఱుఁగుపడి 'కృతార్థుఁడు' అనుటయే మిగిలినది. కాని యీ గ్రంథమును జదువునపుడు వ్యుత్పత్తి మరల మేలుకొనును. ఆసియా పట్టణములలోని యేడు సంఘములకు వ్రాసిన లేఖలలో స్ముర్నవారు దరిద్రులయ్యు ధనికులని చెప్పఁబడిరి. లవొదికయవారు ధనికులమని యనుకొనుచున్నను దరిద్రులనియు, దిగంబరులనియు నిందింపఁబడిరి. ఈ లవొదికయ క్రీ.శ. 60లో భూకంపమునఁ గూలి, రోముప్రభుత్వపు సాయమక్కఱలేక తన ధనముతోడనే తిరిగి కట్టుకొన్న నగరమని టాసిటస్ వ్రాసెను. అంత సంపన్నమైన యూరికిని నీరు దూరమునుండి రాతిగొట్టములలోఁ దెచ్చుకొనవలసి వచ్చెను! ధన్యుఁడెవ్వఁడను ప్రశ్నకు గ్రంథకర్త యుత్తరము ధనమును లెక్కించువారి యుత్తరమునకు విరుద్ధము.

ఫలశ్రుతి పక్షమునకును గొంత బలము లేకపోలేదు. 3వ వచనమునఁ జదువువాఁ డేకవచనము, వినువారు బహువచనము, గ్రీకునను నట్లే. ఒకఁడు చదువఁగాఁ బలువురు వినుట ప్రాచీనకాలపు పద్ధతి. మన పురాణకాలక్షేపమును నదియే. చదువు కొద్దిమందికే యున్న పల్లెలలో నీ వాక్యము వ్రాసినది వ్రాసినట్లే జరిగెను. కాని యక్కడనే మూఁడవదియొకటి చేరినది: విన్నదానిని గైకొనుట. పఠనశ్రవణములచేతనే ఫలము పొందుట యిందు లేదు.

ఈ విషయమున సంఘముల కిచ్చిన యేడు వాగ్దానములు మఱింత స్పష్టములు. జీవవృక్షఫలము, రెండవ మరణము తగులకుండుట, మఱుఁగైన మన్నా, వేకువచుక్క, తెల్లని వస్త్రములు, ఆలయమున స్తంభమగుట, సింహాసనమునఁ గూర్చుండుట: ఇవి యన్నియు 'జయించువానికి'. 'జయించినవానికి' అని కాదు. జయించు అనునది తద్ధర్మార్థక విశేషణము. ఒకమాఱు గెలిచినవానిని గాక, గెలుచుటయే స్వభావముగాఁ గలవానిని జెప్పును. గ్రీకున వర్తమాన కృదంతమే యున్నది. ఇందు జయమనఁగా శత్రుసంహారము కాదు. వధింపఁబడిన గొఱ్ఱెపిల్లయే యిందు జయశీలి. విడువక నిలుచుటయే జయము.

ఎరయను మాటకు వత్తము. ఎర చూపువాఁడు కఱవు రాదని చెప్పవలెను. ఈ గ్రంథము 6వ యధ్యాయమున నల్లగుఱ్ఱమెక్కి త్రాసు పట్టుకొన్నవానిని జూపి, దినకూలి యంతయు నొక మనుష్యుని దినగ్రాసమునకే సరిపోవునని ధర చాటించును. భక్తులకు మినహాయింపు చెప్పదు. ధాత సంవత్సరమునఁ బుట్టి 1876-78 నడుమ దత్తమండలములను బీడించిన కఱవును గన్నవారికి వేఱుగా వ్యాఖ్యానము చెప్పఁబని లేదు.

ఆ కఱవే క్రైస్తవ సంఘములకు జనమును దెచ్చినదని యందురు. అందఱు చూపు నిదర్శనము ఈ సీమది కాదు, ఒంగోలుది. అక్కడ అమెరికను బాప్టిస్టు క్లౌదొర బకింగుహాం కాలువలో మూఁడున్నర మైళ్ల పనిని గుత్తకుఁ దీసికొని కఱవుజనమునకుఁ గూలి యిచ్చెను. ఆ పని జరుగుచుండఁగాఁ గ్రొత్తవారికి జ్ఞానస్నాన మీయ నిరాకరించెను. 1878 జూలై 3వ తేదీన నొక్కనాఁడే 2,222 మంది స్నానము పొందిరి. (ఆ యేఁడు బహుధాన్యయగుట కాలము చేసిన పరిహాసము, ధాన్యమును ధన్యమును జ్ఞాతులవలెఁ గనఁబడును గాని వ్యుత్పత్తి వేఱు.) ఆఁకలికిని మతస్వీకారమునకును సంబంధమే లేదని నేననను, కూలి యిచ్చిన చేతిని కూలివాఁడు మఱవఁడు. అయినను గింజలకొఱకే వచ్చినవారు గింజలు దొరకిన వెనుక నిలువవలసిన పని లేదు, సంఘములు నిలిచినవి.

ఇట్టి నిరీక్షణ రాయలసీమకుఁ గ్రొత్తయుఁ గాదు. కడపసీమ కందిమల్లాయపల్లెలో సమాధియైన పోతులూరి వీరబ్రహ్మముగారి కాలజ్ఞానము నుత్పాతములఁ జెప్పి వీరవసంతరాయల రాకను జెప్పును. దానిని వినుచుఁ బెరిగిన చెవికి యోహాను దర్శనములు పరాయివిగాఁ దోఁపవు. క్రైస్తవులు రెండవ రాకను 'ఆగమనము' అనక, 'రాకడ' యని పోకడకు జంటయైన యచ్చతెనుఁగు మాటతోఁ జెప్పుట సరసముగానున్నది. 1938లో ముంగమూరి దేవదాసుగారు స్థాపించిన బైబిలు మిషనువారును నీ మాటనే వ్యాపింపఁజేసిరి.

21వ యధ్యాయమున నూతనభూమిపై సముద్రము లేదని యున్నది. ద్వీపమునఁ జిక్కినవాని కది విడుదల. సముద్రమును జూడని ముదిగుబ్బ కాఁపున కది లాభమును గాదు, నష్టమును గాదు. అతనికిఁ బట్టునది 22వ యధ్యాయమందలి నది. దప్పిగొన్నవాఁడు రావలెనని, జీవజలమును 'ఉచితముగా' పుచ్చుకొనవచ్చునని యక్కడఁ గలదు. సంస్కృతమున నుచితమనఁగాఁ దగినది; పండితుఁడు తన చదువుచొప్పునఁ 'దగినట్లుగా' నని యర్థము చెప్పుకొనును. తెనుఁగువాడుకలో నుచితమనఁగా వెలలేనిది. కాఁపు విన్నది యదియే. మూలమందలి 'దోరెయాన్' అను పదమునకు కాఁపు విన్న యర్థమే సరి.