పులిసిన పిండియు, ఒక్క రొట్టెయు



ఇడ్లీపిండి రుబ్బి, రాత్రి మూతపెట్టి పరుండిన తల్లికి పులియుట యన నేమో ఒకరు చెప్పనక్కరలేదు. తెల్లవారునప్పటికి గిన్నె అంచుదాక పిండి పొంగియుండును. రాత్రి దానిని ఎవరును ముట్టలేదు, చప్పుడును వినబడలేదు. గోధుమరొట్టె కథయు ఇట్టిదే. ప్రభువు తన బల్లమీద మన కొరకు ఉంచినది రొట్టె గనుక, దాని చరిత్రను కొంచెము తెలిసికొనుట మనకు మేలు.

మొదటి రొట్టెలు పులిసినవి కావు. యొర్దాను దేశపు ఈశాన్య ఎడారిలో, పూర్వపు పొయ్యిలో మాడిన రొట్టెముక్కలు దొరికినవి. అవి సుమారు 14,400 సంవత్సరముల నాటివని పండితులు 2018లో ప్రకటించిరి. మనుష్యులు సేద్యము నేర్వకముందే, అడవి ధాన్యమును దంచి రొట్టె కాల్చుకొనిరన్నమాట. పులిసిన రొట్టెకు పేరుపొందినవారు ఐగుప్తీయులు. వారి సమాధులలో నేటికిని ఎండిన రొట్టెలు దొరకుచున్నవి. ఇశ్రాయేలీయులు ఆ దేశము విడిచిన రాత్రి, పిండి పులియువరకు ఆగుటకు వారికి వ్యవధి లేకపోయెను. పిసికిన ముద్దను అట్లే భుజముమీద వేసికొని బయలుదేరిరి. పొంగని రొట్టె వారికి విమోచన గురుతు ఆయెను.

ఆ దినములలో ఈస్టు అంగడిలో కొనునది కాదు. ఇల్లాలు నేటి ముద్దలో పిడికెడు తీసి దాచి, మరునాడు క్రొత్తపిండిలో కలుపుకొనెడిది. అది ఆరిపోయినయెడల పొరుగింటికి పోయి అడిగి తెచ్చుకొనెడిది. రోము నగరములో సుమారు క్రీ.పూ. 171 వరకు రొట్టెలమ్మువారే లేరనియు, రొట్టె చేయుట ఇంటి స్త్రీల పనియే యనియు ప్లినీ అను రోమా గ్రంథకర్త వ్రాసెను. గాలు, స్పెయిను దేశస్థులు ధాన్యపు మద్యముమీది నురుగుతో పిండి పొంగించుకొందురనియు, అందుచేత వారి రొట్టె తేలికగా నుండుననియు ఆయనయే తెలిపెను. క్రీ.శ. 79లో అగ్నిపర్వతము బ్రద్దలై పాంపేయి పట్టణము బూడిదలో పూడిపోయెను. 1862లో అచ్చట త్రవ్వగా, ఒక పొయ్యిలో 81 రొట్టెలు బొగ్గై, రూపు చెడక కనబడెను. కాల్చినవాడు వాటిని తీసికొనుటకు తిరిగి రాలేదు.

పిండిని పొంగించునది ఏదో చాలకాలము ఎవరికిని తెలియలేదు. 1680లో హాలండు దేశస్థుడైన లీవెన్‌హుక్ సూక్ష్మదర్శినితో ఈస్టు కణములను చూచెను గాని, అవి ప్రాణముగలవని ఎరుగడు. 1837లో ఆ సంగతిని ష్వాన్ మొదలగువారు కనుగొనిరి. 1857 మొదలుకొని లూయీ పాశ్చర్ పులియుట జీవుల పనియేయని పరీక్షలతో స్థాపించెను. ఆ జీవులు పిండిలోని చక్కెరను తిని వాయువును విడుచును. పిసికినందువలన సాగిన పిండిజిగురు ఆ వాయువును పట్టియుంచును. అందుచేత ముద్ద పొంగును. ఒక్క గ్రాము ఈస్టులో వందలకోట్ల కణములుండును. రెండవ ప్రపంచ యుద్ధకాలమున సైన్యముల కొరకు, చల్లని పెట్టె అక్కరలేని ఎండు ఈస్టు తయారాయెను. నేడు మన పట్టణపు అంగళ్లలో దొరకునది ఆ జాతిదే.

మీరును చేసి చూడవచ్చును. అరకిలో పిండికి రెండు చిన్నచెంచాల ఎండు ఈస్టు, ఒకటిన్నర చెంచా ఉప్పు, సుమారు 300 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీరు చాలును. నీరు చేతికి చురుక్కుమనరాదు; వేడి ఎక్కువైన ఈస్టు చచ్చును. పది నిమిషములు బాగుగా పిసికి, తడిగుడ్డ కప్పి, ముద్ద రెండింతలగువరకు ఉంచుడి. మరల అదిమి, గిన్నెలో పెట్టి, ఇంకొకసారి పొంగనిచ్చి, బాగుగా వేడెక్కిన పొయ్యిలో కాల్చుడి. తగిన పొయ్యి లేనివారు దళసరి పాత్రలో ఇసుక పోసి, వేడిచేసి, లోపల రొట్టెగిన్నె నుంచి మూతవేయవచ్చును. అడుగున తట్టినప్పుడు బోలుగా మ్రోగినయెడల కాలినట్లే.

ఇంతకును పులిసిన పిండి మంచిదా, చెడ్డదా? లేఖనములలో రెండును గలవు. పస్కా పండుగలో అది ఇంట ఉండరాదు. అయితే లేవీయకాండము 23వ అధ్యాయములో, వారముల పండుగనాడు పులిసిన పిండితో చేసిన రెండు రొట్టెలనే అర్పించుడని ఆజ్ఞ యున్నది. కొరింథీయులకు వ్రాయుచు పౌలు దుష్టత్వమును పాత పులిపిండితో పోల్చెను. మన ప్రభువైతే పరలోకరాజ్యమునే, ఒక స్త్రీ మూడు కుంచముల పిండిలో దాచిన పుల్లని పిండితో పోల్చెను. ఆ పిండి నూరుమందికి పైగా సరిపోవునది. ఆమె పేరు మనకు తెలియదు. ఆమె చేతిపని మాత్రము సువార్తలో నిలిచెను. పులుపులో దోషము లేదు. మనలో ఏది దాగి పొంగుచున్నదో, అదే ప్రశ్న.

ఈ సంగతి మరచినందున సంఘమునకు గొప్ప నష్టము కలిగెను. ప్రభువు బల్లకు పులిసిన రొట్టె తగునని తూర్పు సంఘమువారు, పులియనిదే తగునని పడమటివారు వాదులాడిరి. ఇతర కారణములతోపాటు ఈ వాదమును పెరిగి, 1054వ సంవత్సరము జూలై 16న రోమునుండి వచ్చిన దూత కుస్తుంతునియలోని గొప్ప దేవాలయపు బలిపీఠముమీద బహిష్కార పత్రమునుంచి వెడలిపోయెను. తూర్పువారును తిరిగి బహిష్కరించిరి. ఆ బహిష్కారములను 1965 డిసెంబరు 7న ఉభయులును రద్దుచేసికొనిరి. 911 సంవత్సరములు! రొట్టె పొంగెనా లేదా యని చూచినవారు, దానిని కలిసి తినుట మరచిరి.

మనము వారిని చూచి నవ్వవచ్చునా? మన తెలుగు దేశములో ఒకే ఊర మాలపల్లెకొక గుడి, మాదిగపల్లెకొక గుడి యుండుట మనమెరుగని సంగతి కాదు. అంటరానితనమును 1950లో రాజ్యాంగము కొట్టివేసెను. అంతకు బహుకాలము ముందే, రొట్టె ఒక్కటే గనుక అందులో పాలుపొందు మనమందరమును ఒక్క శరీరమేయని పౌలు మనకు నేర్పెను. అయినను ఒకరి గిన్నె ఒకరు ముట్టని మనస్సు ఇంకను కొన్ని చోట్ల పోలేదు. ఇదియే పాత పులిపిండి. ఇది చప్పుడు లేక పొంగును, పిల్లలకును అంటును.

కాబట్టి, చదువరీ, వచ్చు ప్రభురాత్రి భోజనమునకు మీ యింట రొట్టె చేయుడి. పిండి పిసుకుటకు మీ పల్లె సోదరి యొకతెను, ఆవలి పల్లె సోదరి యొకతెను పిలువుడి. నాలుగు చేతులు ఒక ముద్దలో పడనిండు. పొంగువరకు ఇద్దరును ఒక చాపమీద కూర్చుండుడి. ఆ గంటన్నరలో మాటలు వాటంతట అవే వచ్చును. కాలిన తరువాత మొదటి ముక్క ఆవలి పల్లె పిల్లవాని చేతిలో పెట్టుడి. ఆదివారమున మీ కాపరి దానిని విరిచినప్పుడు, అది ఎవరి పిండియో చెప్పుట ఎవరితరమును కాదు.

ప్రభువు మనలోని పాత పులిపిండిని తీసివేసి, తన రాజ్యపు పుల్లని పిండిని మన పల్లెలలో దాచును గాక. ఆమేన్.