నానీ పెట్టెలో త్రిఫల

"మీరు ఎక్కడినుంచి వచ్చారు?" అని అడిగేవాళ్లకు మా నానీ రేకుపెట్టె తెరిచి చూపించాలనిపిస్తుంది. అందులో నగల్లేవు, ఫర్మానాల్లేవు. ఎండిన కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ ఉండేవి. వాటిని దంచి, బాదం నూనె పట్టించి, తేనెలో కలిపితే ఇత్రీఫల్. హకీం దుకాణంలో ఆ పేరు విని జనం దాన్ని 'తురకోళ్ల మందు' అన్నారు. పేరు విప్పి చూడండి. అది త్రిఫలే!

ఈ మాట బాగ్దాద్ దాకా పోయి వచ్చింది. ఖలీఫా హారూన్ రషీద్ (786-809) కాలంలో మంకా అనే భారతీయ వైద్యుడు అక్కడ ఉండి, మన వైద్య గ్రంథాలను తర్జుమా చేశాడని అరబ్బీ రచనలు చెబుతాయి. 850లో అలీ ఇబ్న్ సహల్ తబరీ తన 'ఫిర్దౌసుల్ హిక్మత్'లో ఒక భాగమంతా భారతీయ వైద్యానికే ఇచ్చాడు. ఇక యునానీ అంటేనే గ్రీకు. హకీంలు బుఖ్రాత్, జాలీనూస్ అని తలచుకునేది హిపోక్రటీస్‌ను, గాలెన్‌ను. ఇందులో ఏది బయటిది, ఏది లోపలిది?

దర్బారు హకీంల పేర్లు చరిత్రకెక్కాయి. నానీ లాంటివాళ్ల పేర్లు ఎక్కలేదు. మామీద నవాబులన్న ముద్ర. ఆమె చేతిలో మాత్రం కొడవలి. ఉర్దూ, తెలుగు రెండూ రాయడం రాదు, చెట్లు మాత్రం రెండు భాషల్లోనూ తెలుసు. దగ్గుకు అడ్డసరం, అదే అడూసా. మూత్రంలో మంటకు పల్లేరు, అదే గోఖ్రూ. పళ్లు తోమే కానుగ పుల్లే ఆమె మిస్వాక్. ఇవన్నీ కలుపు తీస్తూ తోటి కూలి ఆడవాళ్లతో ఇచ్చిపుచ్చుకున్నవి.

ఆ మందులన్నీ పనిచేస్తాయని నేననను. జ్వరం ముదిరితే నానీ కూడా సర్కారు దవాఖానకే ఉరికేది. దవాఖాన అన్నది ఉర్దూ మాటని తెలంగాణ పల్లెలో ఎవరికి గుర్తుంది?

నానీ పోయిననాడు గుస్ల్ నీళ్లకు రేగాకు కావలసివచ్చింది. హదీసుల్లో సిద్ర్ అని ఉంటుంది. మన రేగు దానికి దగ్గరి చుట్టం. పక్కింటి పెద్దమ్మ తన పెరట్లో చెట్టెక్కించి కొమ్మ కొట్టించి ఇచ్చింది. ఆ చెట్టు పండ్లే భోగినాడు ఆమె తన మనవల తలమీద పోసేది.

మా పుట్టుకకు రుజువులు అడిగేవాళ్లు కోటలూ శాసనాలూ వెతుకుతారు. పొలం గట్టు మీదికి, పెరట్లోకి రారు. రెండు పేర్లు తెలిసిన ఆ ఆడవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. వాళ్లు చెప్పింది మనమన్నా రాసిపెట్టుకోవాలి.